హెబియస్ కార్పస్ నోటీసు జైలు గేటు దాకా: ఏ దారికి ఎన్ని మార్కులు

జైల్లో ఉన్న మనిషి కోసం హెబియస్ కార్పస్, అంటే ఆ నిర్బంధం చట్టబద్ధమో కాదో తేల్చమని కోర్టును అడిగే పిటిషన్, వేసేవాళ్లు అఫిడవిట్ ఎలా ఉండాలి, ఏ తీర్పులు జతచేయాలి అని అర్ధరాత్రి దాకా కూర్చుంటారు. ఆ కాగితం అవతలివాళ్ల చేతికి ఎలా చేరాలన్న పని మాత్రం పొద్దున్నే వచ్చే క్లర్కుకు వదిలేస్తారు. రోజులు కరిగిపోయేది అక్కడే. అందుకే ఇక్కడ వాదనల జోలికి పోకుండా, నోటీసు అందించే పద్ధతుల్నే ఒక సేవగా చూసి తూకం వేస్తున్నాం. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ హైకోర్టుల్లో వాడుకలో ఉన్న దారులు, చివర్లో, ఉత్తర్వులను జైళ్లకు ఈమెయిల్‌లో పంపే సుప్రీంకోర్టు ఫాస్టర్ వ్యవస్థ. ఒక్క మాట ముందే చెప్పేస్తాం: ప్రభుత్వ ప్లీడర్ ఆఫీసులో స్టాంపు పడగానే నోటీసు అందినట్టేనని ఊరుకోవద్దు. అది అందింది ప్లీడర్‌కు. తాళాలున్నది జైలు సూపరింటెండెంట్ దగ్గర.

ఇంత తొందర ఎందుకు అనేవాళ్లకు 1953 నాటి రామ్ నారాయణ్ సింగ్ కేసు చూపించాలి. నిర్బంధం చట్టబద్ధమా కాదా అన్నది పిటిషన్ వేసిన రోజును బట్టి కాదు, అధికారులు జవాబు, అంటే రిటర్న్, దాఖలు చేసే నాటి పరిస్థితిని బట్టి చూడాలని సుప్రీంకోర్టు అందులో చెప్పింది. రిమాండు కేసుల్లో దీని ప్రభావం నేరుగా కనిపిస్తుంది. సోమవారం నాటికి సరైన రిమాండు ఉత్తర్వు లేకుండా మనిషిని ఉంచారనుకోండి. నోటీసు గురువారం దాకా చేరకపోతే, ఈ లోపు మేజిస్ట్రేటు దగ్గర సక్రమమైన రిమాండు తెచ్చేసుకుంటారు. జవాబులో ఆ ఉత్తర్వే పెడతారు. మన పిటిషన్‌లో బలమైన పాయింటు అక్కడితో చచ్చిపోతుంది.

పీడీ యాక్ట్, అంటే విచారణ లేకుండా ముందస్తుగా నిర్బంధించే చట్టం, కేసుల్లో లెక్క వేరు. 1986 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టమే రెండు రాష్ట్రాల్లోనూ నడుస్తోంది. నిర్బంధ కారణాలు 5 రోజుల్లో మనిషికి ఇవ్వాలి. కమిషనరో కలెక్టరో ఇచ్చిన ఉత్తర్వుకు 12 రోజుల్లో ప్రభుత్వ ఆమోదం రాకపోతే అది నిలవదు. 3 వారాల్లో సలహా మండలికి పంపాలి, నిర్బంధం మొదలైన నాటి నుంచి 7 వారాల్లో మండలి నివేదిక రావాలి. గరిష్ఠంగా 12 నెలలు ఉంచవచ్చు. ఇక్కడ అధికారులు చేసిన జాప్యం తర్వాతి కాగితంతో మాసిపోదు, అది మనకు ఊరట. కానీ ప్రతి మెట్టులోనూ ఒక కొత్త జీవో పుడుతుంది. మొదట వేసిన పిటిషన్‌లో కమిషనర్ ఉత్తర్వునే సవాలు చేసి ఉంటాం. నోటీసులు నత్తనడక నడిచి విచారణ మొదలయ్యేసరికి ఆమోదం జీవో, దాని వెనకే ధ్రువీకరణ జీవో కూడా వచ్చేసి ఉంటాయి. వాటినీ సవాలు చేస్తూ ప్రార్థనను, అంటే కోర్టును మనం కోరిన ఊరటను, సవరించమని ఇంకో పిటిషన్ వేయాలి, దానికి ఇంకో వాయిదా.

ఎవరికి ఇవ్వాలి

నోటీసు దారి తప్పడానికి అసలు కారణం చాలాసార్లు పోస్టాఫీసు కాదు, కాజ్ టైటిల్, అంటే పిటిషన్ మొదట్లో రాసే వాది ప్రతివాదుల పేర్లు, చిరునామాలు. నిర్బంధ ఉత్తర్వు ఇచ్చిన అధికారిని, ప్రభుత్వాన్ని ప్రతివాదులుగా పెట్టి, మనిషిని అట్టే పెట్టుకున్న జైలు సూపరింటెండెంట్‌ను మరిచిపోతారు. ఉత్తర్వు ఇచ్చిన చోటు, మనిషి ఉన్న చోటు ఒకటే కానక్కర్లేదు. 1973లో సుప్రీంకోర్టు తేల్చిన కాను సన్యాల్ కేసు మనకు దగ్గరి ఉదాహరణ. కేసు పేరులో ఉన్నది డార్జిలింగ్ జిల్లా మేజిస్ట్రేటు, పిటిషనర్ ఉన్నది విశాఖపట్నం సెంట్రల్ జైల్లో. మనిషిని కోర్టు హాలులో నిలబెట్టకుండానే నిర్బంధం చట్టబద్ధత తేల్చవచ్చని ఆ కేసులోనే చెప్పారు. దాంతో కొందరు 'ప్రొడక్షన్ అక్కర్లేనప్పుడు జైలుకు నోటీసు ఎందుకు' అంటారు. ఎందుకంటే, ఎవరి కాగితం మీద ఆ మనిషిని లోపల ఉంచారో చెప్పాల్సింది సూపరింటెండెంటే. ఆయన రికార్డు రాకుండా రిటర్న్ పూర్తి కాదు.

చిరునామాల సంగతి. పాత పిటిషన్ తెరిచి పేర్లు మార్చి కొత్తది చేయడం ఆఫీసుల్లో అలవాటు. ఆ అలవాటుతో తెలంగాణ ప్రభుత్వ కార్యదర్శి చిరునామా ఇప్పటికీ బీఆర్‌కే భవన్ అని వెళ్తుంటుంది. 2023 ఏప్రిల్ 30న కొత్త సచివాలయం మొదలైంది. ఏపీకైతే వెలగపూడి. వరంగల్ సెంట్రల్ జైలును 2021లో ఖాళీ చేసి ఖైదీలను వేరే జైళ్లకు మార్చారు, ఆ పేరుతో కవరు రాస్తే ఎవరికీ చేరదు. చర్లపల్లి, చంచల్‌గూడ రెండూ హైదరాబాదే కదా అని ఒకదానికి బదులు ఇంకోటి రాసేవాళ్లూ ఉన్నారు. పిటిషన్ వేసే రోజు పొద్దున మనిషి ఏ జైల్లో ఉన్నాడో మళ్లీ కనుక్కోవాలి. నిన్న ములాఖత్‌లో చూశాం అంటే చాలదు. పీటీ వారెంట్ (జైల్లో ఉన్న మనిషిని ఇంకో కేసులో హాజరుపరచమనే కోర్టు ఉత్తర్వు) మీద వేరే జిల్లా కోర్టుకు తీసుకెళ్లి, అక్కడి జైల్లోనే దించేసి రావడం మామూలే.

పేరు ఇంకో తలనొప్పి. మన పేర్లలో ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఇంకోచోట ఒక్క అక్షరం. ఆధార్‌లో ఉన్నట్టు కాకుండా నిర్బంధ ఉత్తర్వులో ఉన్నట్టు, జైలు రిజిస్టరులో ఉన్నట్టు రాయండి. మారుపేరు ఉంటే అదీ, తండ్రి పేరూ, ఖైదీ నంబరూ, నిర్బంధ ఉత్తర్వు నంబరూ, తేదీ. ఈ ఐదూ ఉంటే లోపలి గుమాస్తా రెండు నిమిషాల్లో మనిషిని పట్టుకుంటాడు.

ప్రభుత్వ ప్లీడర్ ఆఫీసు: 5కి 3.5

రిట్ దాఖలు చేయకముందే హోం శాఖ చూసే ప్రభుత్వ ప్లీడర్ ఆఫీసులో ఒక సెట్టు ఇచ్చి స్టాంపు వేయించుకోవడం మన హైకోర్టుల పద్ధతి. విచారణకు వచ్చిన రోజు 'ప్రభుత్వ ప్లీడర్ నోటీసు తీసుకున్నారు' అని ఉత్తర్వులో ఒక లైను పడుతుంది. ప్రభుత్వం వైపున్న ప్రతివాదులందరికీ నోటీసు అందినట్టే లెక్క. వేగంలో దీనికి పోటీ లేదు, ఖర్చు జిరాక్సుకే. లంచ్ మోషన్, హౌస్ మోషన్, అంటే అదే రోజో సెలవు రోజో అత్యవసర విచారణ, అడిగేటప్పుడు ఇది తప్ప వేరే దారి కూడా లేదు. సెలవు రోజు న్యాయమూర్తి ఇంటి దగ్గర విచారణ అంటే పోస్టు, కోర్టు నోటీసులు అందించే అమీనా ఎవరూ ఉండరు. ప్లీడర్‌కు ముందుగా ఫోన్ చేసి కాపీ చేతిలో పెట్టాలి. ఆ పని చేయకుండా వెళ్తే 'అవతలివాళ్లకు చెప్పారా' అన్న మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతాం.

మరి మార్కులు ఎందుకు తగ్గాయి? స్టాంపు పడ్డాక ఆ సెట్టు ప్రయాణం చూడండి. కౌంటర్ నుంచి సహాయ ప్లీడర్ టేబుల్ మీదికి. అక్కడి నుంచి పేరావారీ రిమార్కులు పంపమని కమిషనరేట్‌కో ఎస్పీ ఆఫీసుకో లేఖ. అక్కడి లీగల్ సెల్ నుంచి నిర్బంధం ప్రతిపాదించిన స్టేషన్‌కు. జైలు సూపరింటెండెంట్‌కు ఆ లేఖ కాపీ వెళ్తుందా లేదా అన్నది ఆ రోజు టైప్ చేసినవాడి దయ. వాయిదా రోజు 'ఇన్‌స్ట్రక్షన్స్ రాలేదు, ఒక వారం టైం కావాలి' అన్న మాట వినపడితే, అవతలివాళ్ల ఎత్తుగడ అనుకునే ముందు ఒకటి చూసుకోవాలి: చాలాసార్లు సెట్టు ఇంకా దారిలోనే ఉంటుంది.

దీనికి మందు ఉంది. ప్లీడర్‌కు ఇచ్చే సెట్టు పూర్తిగా ఇవ్వాలి. నిర్బంధ ఉత్తర్వు, కారణాలు, జీవోలు, పెట్టుకున్న వినతిపత్రం, పేజీ నంబర్లతో ఇండెక్సు. జతపత్రాలు లేని సెట్టు ఇస్తే దాన్ని అడగడానికే ఒక వాయిదా అడుగుతారు, ఆ అడగడం న్యాయమే. స్టాంపు తేదీ కింద సమయం కూడా వేయమనండి. కేసు నంబరు పడగానే మళ్లీ వెళ్లి ఆ నంబరు రాయించి రండి. దాఖలుకు ముందు ఇచ్చిన సెట్టు మీద నంబరు ఉండదు కాబట్టి, కాజ్ లిస్టులో (ఆ రోజు విచారించే కేసుల జాబితాలో) కేసు వచ్చిన రోజు అది ఏ కట్టలో ఉందో వాళ్లకే దొరకదు.

కాఫిపోసా (స్మగ్లింగ్, విదేశీ మారకం విషయాల్లో ముందస్తు నిర్బంధ చట్టం), జాతీయ భద్రతా చట్టం లాంటి కేసుల్లో కేంద్రం కూడా ప్రతివాదే. రాష్ట్ర ప్లీడర్ ఆ నోటీసు తీసుకోరు. హైకోర్టులోనే డిప్యూటీ సొలిసిటర్ జనరల్ ఆఫీసులో విడిగా ఇవ్వాలి. కాఫిపోసాకు ఆర్థిక శాఖ, జాతీయ భద్రతా చట్టానికి హోం శాఖ. ఇవి తారుమారైతే ఢిల్లీలో ఒక శాఖ నుంచి ఇంకో శాఖకు ఫైలు నడిచే కాలమంతా మన మనిషి ఖాతాలో పడుతుంది.

పోస్టు: 5కి 2.5

'పిటిషనర్ న్యాయవాది ప్రతివాదులకు ఆర్‌పీఏడీ (అందినట్టు సంతకం కార్డు తిరిగొచ్చే రిజిస్టర్డ్ పోస్టు) ద్వారా పర్సనల్ నోటీసు పంపి, అందినట్టు రుజువు రిజిస్ట్రీలో దాఖలు చేయవచ్చు.' మన హైకోర్టు ఉత్తర్వుల్లో ఈ వాక్యం చూడని న్యాయవాది ఉండరు. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి, ఇప్పుడు కౌంటర్‌లో అడగాల్సింది రిజిస్ట్రేషన్‌తో కూడిన స్పీడ్ పోస్టు. ఉత్తర్వులో పాత మాటే ఉంటే బుకింగ్ రసీదుతో పాటు ఆ సంగతి మెమోలో ఒక లైను రాస్తే సరిపోతుంది.

రుజువుగా పోస్టుకు బలం ఉంది. సరైన చిరునామా రాసి, టికెట్ ఖర్చు కట్టి, రిజిస్టర్డ్ పోస్టులో వేస్తే అది చేరినట్టే భావించాలని 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 27వ సెక్షన్ చెబుతుంది. కాకపోతే అది ఖండించడానికి వీలున్న భావన. వేగం విషయంలో మాత్రం హెబియస్ కార్పస్‌కు పోస్టు ఒక్కటే దిక్కనుకుంటే కష్టం. సచివాలయానికి వచ్చే కవర్లను ఒకే మనిషి కట్టలుగా తీసుకుని సంతకం పెడతాడు. ట్రాకింగ్‌లో 'డెలివర్డ్' అని కనిపిస్తుంది, సంబంధిత సెక్షన్‌కు చేరడానికి ఇంకొన్ని రోజులు. ఏడీ కార్డు మీద సంతకం ఎవరిదో తెలియదు, సీలు ఉండదు. ట్రాకింగ్ పేజీని డెలివరీ అయిన వెంటనే ప్రింటు తీసి పెట్టుకోవాలి, వాయిదా ముందు రోజు వెతికితే సైటు మొరాయిస్తుంది.

కవరు మీద, చిరునామాకు పైన, ఎర్ర ఇంకుతో: 'హెబియస్ కార్పస్ – అత్యవసరం – విచారణ తేదీ ఫలానా'. చిన్న విషయమే. టపా సెక్షన్‌లో రోజూ వచ్చే కవర్లలో ఏది ముందు చింపాలో చెప్పేది ఆ ఒక్క లైనే.

మామూలు పోస్టు జోలికి మాత్రం వెళ్లొద్దు. 2024 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు తేల్చిన జసీలా షాజీ కేసు కాఫిపోసాది. నిర్బంధితుడి వినతిపత్రాన్ని జైలు అధికారులు మామూలు పోస్టులో పంపారు. అది చేరాల్సినవాళ్లకు చేరలేదు. చివరికి దాని మీద నిర్ణయం వెలువడేసరికి దాదాపు 9 నెలలు. ఈమెయిల్‌లో ఒక్క రోజులో వెళ్లేదానికి ఇదేం పద్ధతని కోర్టు మందలించింది, నిర్బంధాన్ని కొట్టేసింది. అది నోటీసు కాదు, వినతిపత్రం, నిజమే. కానీ జైలు నుంచి బయటికొచ్చే కాగితం గతే అలా ఉంటే, బయటి నుంచి లోపలికెళ్లే కాగితాన్ని అదే డబ్బాలో వేయడం దేనికి?

చేతితో ఇవ్వడం: 5కి 4.5

మా ఓటు దీనికే. కోర్టు పర్సనల్ నోటీసుకు అనుమతించేటప్పుడు పోస్టుతో పాటు చేతితో కూడా ఇచ్చుకోనివ్వమని అప్పుడే అడగాలి. సుప్రీంకోర్టులో దీన్నే దస్తీ అంటారు. ఉత్తర్వులో ఆ మాట లేకుండా జైలు గేటు దగ్గరికెళ్తే 'కోర్టు పంపమందా?' అన్న ప్రశ్నకు మన దగ్గర జవాబుండదు.

జైలు గేటు దగ్గర జరిగే పొరపాట్లన్నీ ఒకే తీరు. ఇంటివాళ్లు నోటీసు పట్టుకుని ములాఖత్ లైనులో నిలబడతారు. గంటలు గడిచాక లోపలికెళ్లి జాలీ అవతల ఉన్న మనిషికే కాగితం చూపించి వస్తారు. అది సర్వీసు కాదు. నోటీసు ఇవ్వాల్సింది నిర్బంధించినవాడికి, నిర్బంధంలో ఉన్నవాడికి కాదు. జైలు ఆఫీసుకు టపా తీసుకునే చోటు వేరుగా ఉంటుంది, సెంట్రీని 'సూపరింటెండెంట్ గారి ఆఫీసుకు హైకోర్టు టపా' అని అడగాలి. ములాఖత్ అనే మాటే ఎత్తకూడదు, ఎత్తితే వేలు లైను వైపే చూపిస్తాడు. ఆఫీసు వేళల్లో, వీలైతే పొద్దున పూటే వెళ్లాలి. సాయంత్రం లెక్కలు, లాకప్ హడావిడిలో కాగితం తీసుకునే ఓపిక ఎవరికీ ఉండదు.

కవరు అంటించొద్దు. తెరిచే ఇవ్వండి. తీసుకునే గుమాస్తాకు లోపల ఏముందో తెలియకపోతే సంతకం పెట్టడానికి జంకుతాడు, 'సార్ వచ్చాక' అంటాడు. పైన కవరింగ్ లెటర్, దాని కింద కోర్టు ఉత్తర్వు కాపీ, ఆ కింద పిటిషన్ సెట్టు. కవరింగ్ లెటర్ రెండు ప్రతులు. రెండోది మనది.

ఆ రెండో ప్రతి మీద ఏం ఉండాలో ఓపిగ్గా చూసుకోండి, దాని మీదే అంతా నిలబడుతుంది. గుండ్రటి ఆఫీసు సీలు. సీలు అంచును తాకుతూ సంతకం. సంతకం కింద పేరు, హోదా. ఇన్‌వార్డ్ నంబరు. తేదీ, పక్కనే సమయం. ఎంత సెట్టు అందిందో పేజీల లెక్క. చాలామంది సీలు చూసి సంతోషంగా వెనక్కి తిరుగుతారు. ఇన్‌వార్డ్ నంబరు లేని సీలు అంటే కాగితం టేబుల్ మీదికి వచ్చింది, రిజిస్టరులోకి ఎక్కలేదు అని అర్థం. రేపు 'మా రికార్డులో లేదు' అంటే ఆ సీలుతో వాదించడం కష్టం. పేజీల లెక్క ఎందుకంటే, నాలుగు కాగితాలే వచ్చాయి, కారణాల కాపీ రాలేదు అన్న మాటకు ముందే తలుపు మూసినట్టవుతుంది.

తీసుకోనంటే? గొడవ పడొద్దు. సమయం, గేటు దగ్గర డ్యూటీలో ఉన్నవాళ్ల హోదా, అన్న మాట రాసుకోవాలి. అదే గంటలో జైలు అధికారిక ఈమెయిల్‌కు పంపాలి, అదే రోజు స్పీడ్ పోస్టు చేయాలి. నిరాకరించారని వెళ్లిన మనిషి పేరుతో అఫిడవిట్ వేయాలి. న్యాయవాది పేరుతో వేస్తే న్యాయవాదే సాక్షి అయి కూర్చుంటాడు. అందుకే ఈ పనికి గుమాస్తానో పిటిషనర్ తరఫు ఇంకో బంధువునో పంపడం మేలు.

మనిషిని వేరే జైలుకు మార్చేశామన్నారనుకోండి, నోటీసు వెనక్కి తెచ్చుకోవద్దు. 'ఫలానా తేదీన ఫలానా జైలుకు మార్చాం' అని ఆ కాగితం మీదే రాయించుకుని, సెట్టు వాళ్ల దగ్గరే ఉంచి రావాలి. ఆ రాతే తర్వాతి జైలును ప్రతివాదిగా చేర్చే పిటిషన్‌కు ఆధారం. 1984లో సెబాస్టియన్ హోంగ్రే కేసులో అధికారులు 'మా దగ్గర లేరు' అన్న జవాబుతోనే వచ్చారు. సుప్రీంకోర్టు నమ్మలేదు, ఉత్తర్వు పాటించనందుకు తప్పిపోయిన ఇద్దరి భార్యలకూ చెరొక లక్ష రూపాయలు కట్టించింది. ఎవరు, ఎప్పుడు, ఏం చెప్పారో కాగితం మీద ఉండటం అందుకే అవసరం.

తిరగడానికి బయట ఎవరూ లేని ఖైదీల సంగతి వేరు. వాళ్లు లోపలి నుంచే సూపరింటెండెంట్ ద్వారా పిటిషన్ పంపుకోవచ్చు. వకాలత్ మీద ఖైదీ సంతకాన్ని ధ్రువీకరించేది కూడా ఆయనే. కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కు, 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం. 15100కు ఫోన్ చేస్తే జిల్లా న్యాయ సేవల సంస్థకు కలుపుతారు. తీహార్ జైలు ఖైదీ సునీల్ బాత్రా రాసిన ఉత్తరాన్నే సుప్రీంకోర్టు పిటిషన్‌గా తీసుకున్న సంగతి జైళ్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు, కానీ ఉత్తరం రాసి ఎదురుచూడటం కంటే న్యాయ సహాయం దరఖాస్తు నడక వేగం.

ఈమెయిల్, వాట్సాప్, పోలీసు స్టేషన్

ఈమెయిల్‌ను తోడుగా వాడితే మంచి సాధనం, ఒంటరిగా వాడితే జూదం. కరోనా కాలంలో, 2020 జులై 10న, ఈమెయిల్, వాట్సాప్ లాంటి వాటితో నోటీసులు ఇవ్వవచ్చని సుప్రీంకోర్టు చెప్పింది. వాట్సాప్ చేస్తే అదే రోజు ఈమెయిల్ కూడా చేయాలన్న షరతు అందులోనే ఉంది, ఆ సగాన్ని అందరూ మరిచిపోతారు. ఇంకోవైపు, పోలీసులు నిందితుడికి ఇచ్చే హాజరు నోటీసు వాట్సాప్‌లో చెల్లదని 2025 జనవరిలో అదే కోర్టు తేల్చింది. అది పోలీసుల నోటీసు గురించి, మన రిట్ నోటీసు గురించి కాదు. అయినా మనిషి స్వేచ్ఛ ముడిపడిన చోట నీలి టిక్కులను ఎంత నమ్మాలో దాన్ని బట్టే తెలుస్తుంది. పంపేటప్పుడు ఒకే పీడీఎఫ్, ఫైలు పేరు కేసు నంబరు, సబ్జెక్టులో ఖైదీ పేరు, విచారణ తేదీ. ఫోన్‌తో తీసిన ముప్పై ఫొటోలు విడివిడిగా పంపితే అవతల ఎవరూ తెరవరు.

ప్రైవేటు వ్యక్తుల నిర్బంధంలో ఉన్నవాళ్ల కేసుల్లో కోర్టు స్టేషన్ హౌస్ ఆఫీసర్ ద్వారానే నోటీసు ఇప్పించి, మనిషిని హాజరుపరచమంటుంది. అక్కడ అది బాగానే పనిచేస్తుంది. జైలు కేసులకు ఈ దారి అక్కర్లేదు.

రుజువు మెమో

నోటీసు ఇవ్వడం సగం పనే. అందిందని రిజిస్ట్రీలో మెమో దాఖలయ్యాకే కోర్టు దృష్టిలో అది అందినట్టు. బుకింగ్ రసీదులు, ట్రాకింగ్ ప్రింటు, ఇన్‌వార్డ్ సీలున్న ప్రతి, ఈమెయిల్ ప్రింటు అన్నీ ప్రతివాది నంబరు వారీగా వరుసలో పెట్టాలి. మూడో ప్రతివాది రసీదు కోసం రిజిస్ట్రీ గుమాస్తా కట్ట అంతా తిప్పాల్సి వస్తే 'సర్వీసు పూర్తి కాలేదు' అని ఒక ముక్క రాసి పక్కన పెట్టేస్తాడు. వాయిదా రోజు పొద్దున వేసిన మెమో బెంచ్ ముందున్న ఫైల్లో ఉండదు. కనీసం ముందు రోజే వేయాలి, ఒక కాపీ చేతిలో ఉంచుకోవాలి.

ఈ రుజువుకు ఇంకో ఉపయోగం తర్వాత ఎదురుకావచ్చు. ఉత్తర్వు వచ్చాక కూడా మనిషిని వదలకపోతే కోర్టు ధిక్కారం వేయాలి. 1971 చట్టంలో శిక్ష 6 నెలల వరకు సాధారణ జైలు, 2,000 రూపాయల వరకు జరిమానా. ఏడాది లోపు వేయాలి. ఫలానా అధికారికి ఫలానా గంటకు ఉత్తర్వు తెలిసిందని చూపించలేకపోతే ఆ పిటిషన్ ముందుకు నడవదు.

గెలిచాక: ఫాస్టర్‌కు 4, హైకోర్టు దారికి 3

నిర్బంధం కొట్టేశారన్న వార్త టీవీలో స్క్రోల్ అయినా జైలు తలుపు తీయదు. 2021 జులైలో ఆగ్రా సెంట్రల్ జైల్లో 13 మంది ఖైదీల విడుదలకు సుప్రీంకోర్టు ఆదేశించినా, ఉత్తర్వు కాపీ పోస్టులో రాలేదని వాళ్లను రోజుల తరబడి లోపలే ఉంచారు. అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎన్.వి. రమణ దాన్ని సుమోటోగా, అంటే ఎవరూ అడగకుండా కోర్టే తనంతట తానుగా, తీసుకుని, ఈ కాలంలో కూడా ఉత్తర్వుల కోసం పావురాల వైపు ఆకాశంలోకి చూస్తున్నామా అన్నారు. దాని ఫలితమే ఫాస్టర్. 2022 మార్చి 31న మొదలైంది. సుప్రీంకోర్టు ఉత్తర్వులు డిజిటల్ సంతకంతో, భద్రమైన ఈమెయిల్ మార్గంలో, నియమిత నోడల్ అధికారులకు, జైళ్లకు నేరుగా వెళ్తాయి. బాగుంది. ఒక మార్కు ఎందుకు తగ్గిందంటే, అవతల ఆ మెయిల్ పెట్టె తెరిచే మనిషి సెలవులో ఉంటే మిషను తప్పు లేకపోయినా ఖైదీ లోపలే. ఉత్తర్వు వెళ్లిన సాయంత్రమే జైలుకు ఫోన్ చేసి చూశారా లేదా అని అడగడం ఇప్పటికీ మన పనే.

హైకోర్టులో దారి పాతదే. ఉత్తర్వు వినిపించిన వెంటనే 'సీసీ టుడే' అడగాలి, ధ్రువీకృత ప్రతి అదే రోజు ఇమ్మని. ఆ రెండు మాటలు ఉత్తర్వు అడుగున పడకపోతే కాపీ సెక్షన్‌లో మన కాగితం మామూలు వరుసలో చేరుతుంది. ప్రతి చేతికొచ్చాక జైలుకు మనిషితో పంపాలి. లాకప్ అయ్యాక చేరిన ఉత్తర్వు మీద విడుదల మర్నాటికే.

చివరి చిక్కు ఉత్తర్వు చివరి వాక్యంలోనే ఉంటుంది: 'మరే కేసులోనూ అవసరం లేకపోతే వెంటనే విడుదల చేయాలి.' పీడీ యాక్ట్ పెట్టేనాటికి మనిషి చాలాసార్లు పాత కేసుల్లో రిమాండులోనే ఉంటాడు. నిర్బంధ ఉత్తర్వు ఇచ్చింది కూడా జైల్లోనే. కాబట్టి హెబియస్ కార్పస్ గెలిచిన రోజున ఆ కేసుల్లో బెయిల్ వచ్చిందా, జామీన్లు పెట్టారా, ఆ కోర్టుల విడుదల ఉత్తర్వులు జైలుకు చేరాయా అన్నదే జైలు ఆఫీసు మొదట చూసేది. తీర్పు రిజర్వు అయిన రోజే ఆఫీసుకెళ్లి, ఈ మనిషి మీద ఏయే కేసుల వారెంట్లు ఉన్నాయో, పీటీ వారెంట్ ఏదైనా వచ్చిందో అడిగి రాసుకుని రండి. ఒక్కో కేసు నంబరు పక్కన బెయిల్ తేదీ, జామీన్ల తేదీ, విడుదల ఉత్తర్వు చేరిన తేదీ. మూడు గడుల్లో ఒకటి ఖాళీగా కనిపిస్తే, తీర్పు కోసం ఎదురుచూడకుండా ఆ కింది కోర్టుకు మర్నాడే వెళ్లాలి.